రాతి మీద మన్మథరావు

నర్సీపట్నం మార్నింగ్ వాకర్స్ క్లబ్బు పెరూ దేశం వెళ్తోందని అబీద్ సెంటర్లో కట్టిన ఫ్లెక్సీ మీద మాచు పిచ్చు కొండ కంటే క్లబ్బు ప్రెసిడెంటు మన్మథరావు ముఖమే పెద్దదిగా ఉంది. దాని కింద ఎర్రక్షరాలతో 'ఇంకా నాగరికత, స్పెయిన్ పాలన నాటి కట్టడాల సందర్శన యాత్ర' అని వేయించారు. ఆటో స్టాండులో వాళ్ళు దాన్ని చదివి, ఇంకా ఏటి నాగరికత, ఉన్నది చాల్లేదా అని నవ్వుకున్నారు. ఆ మాట మన్మథరావు చెవిన పడింది గాని, ఎందుకు నవ్వారో ఆయనకి అందలేదు. 'ఇంకా' అనేది ఒక జాతి పేరని ఆయనకి తెలిసింది కూడా ఫ్లెక్సీ ప్రింటయ్యాకే.

మన్మథరావుది జీడిపిక్కల ఫ్యాక్టరీ. ఊళ్ళో ఎక్కడ మైకు కనబడినా దాని ముందు నిలబడే అలవాటు. అంతకు ముందు సంవత్సరం క్లబ్బుని సింగపూర్ తీసుకెళ్ళి వచ్చాడు. ఆ తర్వాత పక్క ఊరి క్లబ్బువాళ్ళు కూడా సింగపూర్ వెళ్ళొచ్చేసరికి, వాళ్ళు పేరైనా పలకలేని చోటికి వెళ్ళాలని పట్టుబట్టి పెరూ పట్టుకున్నాడు.

ఫ్లెక్సీలో పదహారు మంది ఫోటోలున్నాయి. చిట్టచివర, స్టాంపంత ఫోటోలో ఎస్తర్ రాణి ఉంది.

ఎస్తర్ రాణి ముప్పై మూడేళ్ళు హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయింది. పాఠ్యపుస్తకంలో ఇంకాల గురించి ఉండేది ఒక్క పేరా. రాజధాని కుస్కో, దేవుడు సూర్యుడు, స్పెయిన్ వాళ్ళ చేతిలో పతనం, అంతే. ఆ ఒక్క పేరాని ఆవిడ రెండు పీరియడ్లు చెప్పేది. సున్నం లేకుండా రాయికి రాయి అతికించిన గోడలనీ, సందులో బ్లేడు కూడా దూరదనీ చెప్పి, పన్నెండు మూలలున్న ఒక రాయి బొమ్మ బోర్డు మీద గీసేది. పరీక్షలో రాని పాఠానికి అంతసేపెందుకని తోటి టీచర్లు అడిగితే, "వచ్చిన పాఠాలన్నీ వాళ్ళకి వచ్చీసేయా ఏటి" అనేది.

ఆవిడ నోటికి భయపడేవాళ్ళు ఊళ్ళో చాలామందే. ఆ నోటికి భయపడనిది చెల్లెలు లీల ఒక్కర్తే. అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒకే ఇంట్లో ఉంటారు.

"ఆ బేచ్‌తో ఏటక్కా నువ్వు," అంది లీల, సూట్‌కేసు సర్దుతుంటే. "వాళ్ళు పక్కనున్న రోలుగుంట వెళ్ళినా నాలుగు చోట్ల ఆపి ఫోటోలు తీసుకుంటారు."

"ఒక్కదాన్నీ అంత దూరం వెళ్ళలేను కదే. గోడలు చూడ్డానికి వెళ్తన్నాను, వాళ్ళని చూడ్డానికి కాదు."

"ఆ గోడల ముందు నిలబడీది వాళ్ళే కదా."

ఎస్తర్ రాణి సూట్‌కేసు మూత నొక్కి వేసింది. ఆవిడకి ఒక ధైర్యం ఉంది. రిటైరైన హెడ్మాస్టర్ తాతాజీ గారు కూడా వస్తున్నారు. పదకొండేళ్ళు ఆయన కింద పని చేసింది. ఎవరికీ లేచి నిలబడని ఆవిడ ఆయన వస్తే మాత్రం లేచేది.

బయల్దేరే రోజు మన్మథరావు అందరికీ పసుపురంగు టోపీలు పంచాడు. నుదుటి మీద 'నర్సీపట్నం వాకర్స్' అని ఇంగ్లీషులో కుట్టించాడు. విశాఖలో విమానం ఎక్కినప్పుడు పెట్టుకున్న టోపీలు ఢిల్లీ దాటి, యూరప్‌లో ఏదో ఊరు దాటి, లిమాలో దిగేదాకా తియ్యలేదు. తప్పిపోకుండా అన్నాడాయన. తప్పిపోయినా ఎవరూ వెతకరన్నంత హడావిడిగా అందరికంటే ముందు నడిచేవాడు కూడా ఆయనే.

టూర్ మేనేజర్ శ్యాంబాబు విశాఖ కుర్రాడు, మర్యాదస్తుడు. పెరూ గురించి అతనికి తెలిసింది రెండు కాగితాలకి సరిపోతుంది. ఆ రెండిట్లో ఒకటి అన్నం దొరికే హోటళ్ళ జాబితా. లిమాలో స్పెయిన్ వాళ్ళు కట్టిన, నాలుగు వైపులా భవనాలున్న చౌకూ, నగిషీ చెక్కిన చెక్క బాల్కనీలూ, బంగారు పూత పూసిన పెద్ద చర్చీ చూపించినప్పుడు మనవాళ్ళు చూసింది పదిహేను నిమిషాలు. అన్నం మెత్తగా ఉడకలేదని హోటలువాడితో వాదించింది ముప్పావుగంట. మన్మథరావు భార్య నూకరత్నం చేతిసంచిలోంచి ఆవకాయ సీసా తీసి అందరికీ తలో ముక్కా వడ్డించింది. ఆ యాత్ర మొత్తం మీద బృందమంతా ఏకాగ్రతతో చేసిన పని అదొక్కటేనని ఎస్తర్ రాణి అభిప్రాయం.

కుస్కోలో విమానం దిగగానే అందరికీ ఊపిరి అందలేదు. అంత ఎత్తున ఉంది ఊరు. హోటల్లో కోకా ఆకులు వేసిన వేడినీళ్ళిచ్చారు. మన్మథరావు అది తాగి, ఇది మన తులసి కషాయమే, మనవాళ్ళే ఇక్కడికి తెచ్చి ఉంటారని తీర్పు చెప్పాడు. ఆ రోజు నుంచి ఆయనకి కనిపించిందల్లా మనదే అయింది. మార్కెట్లో ఊదారంగు, నల్లరంగు బంగాళాదుంపలు కుప్పలు పోసి ఉంటే, స్థానిక గైడు నిల్డాని పిలిచి, బంగాళాదుంప ఇండియా నుంచి ప్రపంచానికి వెళ్ళిందని ఇంగ్లీషులో తెలియజేశాడు. నిల్డా నలభై ఏళ్ళ పొట్టి మనిషి. నిదానంగా మాట్లాడుతుంది. ఆమె నవ్వి ఊరుకుంది.

ఎస్తర్ రాణి ఊరుకోలేదు. "దుంప ఇక్కడ పుట్టిందేనండి. మనకి తర్వాతొచ్చింది. మిరపకాయా ఈ ఖండానిదే. ఆ మాటకొస్తే మీ ఫ్యాక్టరీలో జీడిపిక్కా ఈ ఖండానిదే, పోర్చుగీసువాళ్ళు మనకి తెచ్చేరు."

"జీడిపిక్క గురించి నాకు సెప్తన్నారా టీచరమ్మగారూ," అన్నాడు మన్మథరావు. "మా తాతల కాడ్నించీ మాకు తోటలు."

"తాతల దాకా మీరన్నది నిజమే. నేను అంతకు ముందు సంగతి చెప్తన్నాను."

ఇద్దరు ముగ్గురు నవ్వబోయి, ప్రెసిడెంటు ముఖం చూసి మానుకున్నారు.

మర్నాడు కొరికాంచకి వెళ్ళారు. ఒకప్పుడు సూర్యుడి గుడి. నున్నగా, ముదురు బూడిదరంగులో వంపు తిరిగిన రాతి గోడ. దాని నెత్తి మీద స్పెయిన్ వాళ్ళు కట్టిన చర్చి. ఎస్తర్ రాణి ఆ గోడ ముందు నిలబడి, పర్సులోంచి విజిటింగ్ కార్డొకటి తీసి, రాతికి తగలకుండా సందు దగ్గర పెట్టి చూసింది. సందనేదే లేదు. ముప్పై మూడేళ్ళు తను పిల్లలకి చెప్పింది అబద్ధం కాదు. తన కళ్ళు ఎవరూ చూడకూడదని టోపీ కిందికి లాక్కుంది.

నిల్డా చెప్పింది. ఈ గోడలకి ఒకప్పుడు బంగారు రేకులుండేవి. స్పెయిన్ వాళ్ళు వాటిని ఊడదీసి కరిగించారు. గుడిని కొట్టేసి, పునాది మీద చర్చి కట్టారు. తర్వాత పెద్ద భూకంపం వచ్చినప్పుడు పైన కట్టింది పగిలిపోయింది, కింద గోడ కదల్లేదు. "మా అమ్మమ్మ లోపలికెళ్ళి శిలువకి మొక్కేది. బయటికొచ్చి ఈ గోడకి చెయ్యి ఆనించేది. ఆవిడకి రెండూ కావాలి," అంది.

ఈ మాటల్ని విన్నది ఎస్తర్ రాణి ఒక్కర్తే. మిగతావాళ్ళు ఫోటోలకి వరస కడుతున్నారు. కాని చర్చి అన్న మాట మాత్రం మన్మథరావుకి వినబడింది.

"అయితే పడగొట్టింది మీవోళ్ళేనన్నమాట, టీచరమ్మగారూ."

పసుపు టోపీలన్నీ ఒకేసారి నవ్వాయి. తాతాజీ గారు కూడా మీసం కింద నవ్వారు. సరదా మాటే, నొప్పించాలని అన్నది కాకపోవచ్చు. కానీ చిన్నప్పట్నించీ ఆవిడ ఎరిగిన నవ్వది.

"మావాళ్ళు నర్సీపట్నంలో ఉన్నారండి," అంది ఎస్తర్ రాణి. "మా తాత పొలం పనికెళ్ళేవాడు. ఆయన పడగొట్టిందంటూ ఉంటే చెరువు గట్టు మీద ఒక చింతచెట్టు, అదీ మీ నాన్నగారు రమ్మంటే వెళ్ళి పడగొట్టేడు."

మన్మథరావు అప్పటికే వినడం మానేసి, భార్య చేతికి ఫోనిచ్చి గోడ ముందు నిలబడ్డాడు. ఊళ్ళో వాట్సాప్ గ్రూపు కోసం వీడియో. "ఫ్రెండ్స్, సూడండి. ఒక జాతి జ్ఞాపకాన్ని ఎలా పాడుసేసీసేరో సూడండి. ఇటువంటి రాయి మీద సెయ్యేసినోడికి పుట్టగతులుండవు ఫ్రెండ్స్." మొదటిసారి ఊపిరి అందక మధ్యలో దగ్గు వచ్చింది. మళ్ళీ తీయించుకున్నాడు. మూడోసారికి కంట నీరు కూడా తెచ్చుకోగలిగాడు.

తర్వాతి రోజు కొండల మధ్య లోయలో ఉన్న ఓయంతైతంబో అనే ఊరికి వెళ్ళారు. ఆ పేరు ఎవరికీ నోరు తిరక్క మనవాళ్ళు తాంబూలం అనేశారు. మధ్యాహ్నం అక్కడే రైలెక్కి మాచు పిచ్చు కొండ కిందికి చేరాలి. ఈలోగా ఊరి మీదున్న పాత కోట చూడాలి. కొండని మెట్లుగా చెక్కినట్టు ఒకదాని మీద ఒకటి రాతి గట్లు. వాటి పక్క మెట్లెక్కి పైకెళితే, గులాబీ రంగు రాతి పలకలు ఆరు నిలబెట్టి ఉన్నాయి. ఒక్కొక్కటీ ఇంటి గోడంత. నది అవతలి కొండ మీద గనిలో కొట్టి, నది దాటించి, ఈ ఎత్తుకి ఈడ్చుకొచ్చారని నిల్డా చెప్పింది. ఎలా తెచ్చారన్నది ఇప్పటికీ పండితులు వాదించుకుంటూనే ఉన్నారంది.

పైదాకా ఎక్కింది ఎనిమిది మంది. మిగిలినవాళ్ళు కింద నీడలో కూర్చున్నారు. ఎస్తర్ రాణి ఆ పలకల ముందు నిలబడి, నది అవతలి గని వైపు చూస్తూ ఉండిపోయింది. అందుకే వెనకాల గోడ మలుపులో ఏం జరిగిందో చూడలేదు. ఈల వినబడింది. కింద మెట్ల దగ్గరున్న కాపలామనిషి పెద్దగా అరుస్తూ, రెండేసి మెట్లు ఎక్కి వచ్చాడు.

గోడ మలుపులో, మొలెత్తు రాయి మీద, తెల్లటి గీతలు పడి ఉన్నాయి. తాళంచెవితో గీకిన అక్షరాలు. బాగా ఒత్తి రాసినవి. తెలుగులో 'మన్మథరావు నర్సీ' అని ఉంది. తర్వాత ఏమీ లేదు.

కాపలామనిషి చూసింది దూరం నుంచి. పసుపు టోపీ ఒకటే అతనికి కనబడింది. పైనున్న ఎనిమిది మందికీ పసుపు టోపీలే. అతను స్పానిష్‌లో అడిగాడు, నిల్డా ఇంగ్లీషులోకి మార్చింది. ఎవరు రాశారో చెప్తే వాళ్ళొక్కరే పోలీసు స్టేషనుకి రావాలి. చెప్పకపోతే అందరూ రావాలి. రైలుకి ఇంకా గంటన్నర ఉంది.

నిల్డా ఆ గీతల ముందు వంగి, ముట్టుకోకుండా చూసింది. ఆమె ముఖంలో కోపం లేదు. జ్వరం వచ్చిన పిల్లని చూస్తున్నట్టుంది. "ఇది ఏ భాష?" అని అడిగింది.

అప్పుడు ఎస్తర్ రాణి తన జీవితంలో ఎప్పుడూ చూడని వింత చూసింది. నర్సీపట్నం నుంచి వచ్చిన చదువుకున్న మనుషులందరికీ ఒక్కసారే తెలుగు రాకుండా పోయింది. నూకరత్నం కళ్ళజోడు కింద బ్యాగులో ఉండిపోయిందంది. బ్యాంకులో పని చేసి రిటైరైన ఒకాయన, తను ఇంగ్లీషు మీడియమన్నాడు. ఇంకొకాయన ఇది పాత కాలపు రాత అయి ఉంటుందని, గీతల్లోంచి ఇంకా రాలుతున్న పొడి ఎదురుగానే అన్నాడు. మన్మథరావు టోపీ తీసి, గుండె మీద పెట్టుకుని, ముందుకొచ్చాడు.

"గాడ్ నేమ్, మేడం," అన్నాడు. "అవర్ గాడ్ నేమ్. ప్రేయర్."

నిల్డా తాతాజీ గారి వైపు తిరిగింది. ఆ బృందంలో పెద్దాయన, ఖద్దరు చొక్కా, తెల్లటి జుట్టు. మూడు రోజులుగా ఆమె ఆయన్ని ప్రొఫెసర్ అనే పిలుస్తోంది. "నిజమేనా ప్రొఫెసర్?"

ఎస్తర్ రాణి కూడా ఆయన వైపే చూసింది. చాలా ఏళ్ళ కిందట పదో తరగతి పరీక్షల్లో, ఊళ్ళో పలుకుబడి ఉన్న ఒకాయన కొడుకు చీటీలు పెట్టి రాస్తుంటే ఆవిడ పట్టుకుంది. సాయంత్రానికి ఆ తండ్రి పదిమందితో స్కూలుకొచ్చాడు. తాతాజీ గారు గేటు దగ్గర నిలబడి, మా టీచరు చూసింది చూసినట్టు రాసింది, కాగితం మారదు, నన్ను మార్పించుకోండి అన్నారు. ఆర్నెల్లలో ఆయన్ని మన్యంలో కొయ్యూరు వైపు బదిలీ చేశారు. ఆయన మాట్లాడకుండా ట్రంకుపెట్టె సర్దుకుని బస్సెక్కారు. ఆవిడ అప్పట్నించి లేచి నిలబడింది ఆ మనిషికి.

తాతాజీ గారు రాయి వంక చూశారు. వాచీ చూసుకున్నారు. "యెస్," అన్నారు. "ఇట్ ఈజ్ ద నేమ్ ఆఫ్ ఎ గాడ్."

మన్మథుడు దేవుడే కనక అది పూర్తి అబద్ధం కాదు. ఆ సంగతి ఆయనకి తెలుసు, అందుకే అలా అన్నారు. ఆ తెలివి చూస్తే పుట్టినంత రోత ఎస్తర్ రాణికి తాళంచెవితో గీకినవాడి మీద కూడా పుట్టలేదు.

నిల్డా నెమ్మదిగా ఆవిడ దగ్గరికొచ్చింది. "మీరు టీచర్ కదా. మీరు చెప్పండి."

ఎస్తర్ రాణికి భయం వేయకపోలేదు. ఇంకా ఆరు రోజులు ఈ మనుషులతోనే తిరగాలి, తర్వాత జన్మంతా అదే ఊళ్ళో బతకాలి. ఆవిడ రాయి ముందుకెళ్ళి, హాజరు పిలిచినట్టు గట్టిగా చదివింది. "మన్మథరావు. నర్సీ." ఇంగ్లీషులోకి తిరిగి, "ఇది తెలుగు. దేవుడి పేరు కాదు, ఈయన పేరు. తర్వాతది మా ఊరి పేరు, సగమే ఉంది," అని, చెయ్యి చాపి మన్మథరావుని చూపించింది.

కాపలామనిషి ఆయన భుజం మీద చెయ్యి వేశాడు.

"టీచరమ్మగారూ," అన్నాడు మన్మథరావు. "ఒక ఊరోళ్ళం కదండీ మనం."

"అవునండీ. ఊరి పేరు కూడా మీరే రాశారు కదా."

ఆ తర్వాత జరిగింది ఆవిడ ఊహించిన దానికంటే నీచంగా జరిగింది. ఒక ఊరివాళ్ళం అన్న మాట అక్కడున్న ఏ ఒక్కరికీ పట్టలేదు. ఈల విని కింద నుంచి వచ్చిన శ్యాంబాబు ప్రెసిడెంటుతో స్టేషనుకి వెళ్తానని చెప్పగానే, మిగతా ఆరుగురూ ఊపిరి పీల్చుకుని బేగి బేగి మెట్లు దిగారు. మూడు రోజులుగా అడుగు తీసి అడుగు వేయలేకపోతున్నవాళ్ళు మేకల్లా దిగారు. నూకరత్నం ఒక్కర్తే నాలుగు మెట్లు దిగి ఆగింది. మొగుణ్ణి చూసింది, కింద రైలు స్టేషను వైపు చూసింది.

"నాను కూడా ఉండీమంటారా," అంది.

"నువ్వెందుకు, ఎల్లు," అన్నాడాయన, ఉంటుందేమోనన్న ఆశతో.

"అయితే ఎల్తాను. శ్యాంబాబున్నాడు కదా మీకు," అని ఆవకాయ సీసా ఆయన చేతిలో పెట్టి దిగిపోయింది.

రైల్లో ఎస్తర్ రాణి పక్కన ఎవరూ కూర్చోలేదు. పెట్టెకి పైన కూడా అద్దాలున్నాయి. రెండు పక్కలా నిలువుగా లేచిన కొండలు, కింద తెల్లగా నురగలు కక్కుతున్న నది. వెనక సీట్లో ఎవరో అన్నారు, టీచరమ్మ మతం బుద్ధి పోనిచ్చుకోలేదని. ఎవరూ కాదనలేదు. తాతాజీ గారు కళ్ళు మూసుకుని ఉన్నారు. నిద్రపోయేవాళ్ళు అంత బిగించి మూసుకోరు.

మాచు పిచ్చు మీద తెల్లవారి మంచు కప్పేసింది. గంటసేపు ఏమీ కనబడకపోతే పసుపు టోపీలు కాఫీకి దిగిపోయాయి. ఎస్తర్ రాణి, నిల్డా ఒక గట్టు మీద కూర్చుని ఉన్నారు. మంచు ఒక మూల నుంచి విడిపోయి, ముందు ఒక గోడ, తర్వాత రెండు కప్పులేని ఇళ్ళు, తర్వాత ఊరంతా బయటపడింది. ఎస్తర్ రాణి ఫోను తియ్యలేదు. ఆ రాయి బాగవుతుందా అని అడిగింది. శుభ్రం చేస్తారు గాని లోతుగా గీకాడు, పూర్తిగా పోదంది నిల్డా. అంటే ఆ గోడ ఉన్నంతకాలం ఈ పేరు కూడా ఉంటుంది. ఆ రాళ్ళని నది దాటించి మోసుకొచ్చిన వేలమందిలో ఒక్కడి పేరూ అక్కడ లేదు. ఆ ఊరేగింపంతటికీ చివర్న వచ్చి, జేబులో చెయ్యి పెట్టి తాళంచెవి తీసినవాడి పేరుంది.

రెండో రోజుకి జరిమానా కట్టించి మన్మథరావుని వదిలేశారు. మిగతా యాత్రంతా ఆయన బస్సులో ముందు సీట్లోనే కూర్చున్నాడు, ఎక్కడా దిగకుండా.

అయితే నర్సీపట్నం గాలి తగలగానే ఆయన కోలుకున్నాడు. రెండు వారాల తర్వాత కళ్యాణ మండపంలో సన్మాన సభ పెట్టారు. ఫ్లెక్సీ మీద 'స్పెయిన్ దురాగతాలను పరాయి గడ్డపై నిలదీసిన ధీరుడు' అని ఉంది. కథ ఊళ్ళో అప్పటికే అలా తిరుగుతోంది. చర్చి కింద గుడి ఉందని ఆయన గట్టిగా అడిగాడట, అక్కడివాళ్ళు తట్టుకోలేక స్టేషన్లో కూర్చోబెట్టారట, మన టీచరమ్మే పట్టించిందట. లీల కూరల బజార్లో ఈ మాట విని, కూరలు కొనకుండా తిరిగొచ్చింది.

"నువ్వు ఎళ్ళకక్కా," అంది.

"పిలవకపోయినా వెళ్ళొచ్చు కదా, సభ. ఆడవాళ్ళకి ప్రత్యేక సీట్లున్నాయని రాశారు," అని ఎస్తర్ రాణి ఇస్త్రీ చీర కట్టుకుని వెళ్ళి మూడో వరసలో కూర్చుంది.

తాతాజీ గారు సభాధ్యక్షులు. వేదిక మీద దంపతులిద్దరికీ శాలువాలు కప్పారు. మన్మథరావు ముప్పావుగంట మాట్లాడాడు. ఇంకాలు మనవాళ్ళేనన్నాడు, కోకా టీ తులసి అన్నాడు, రాళ్ళ గౌరవం కాపాడ్డానికి ఒక రాత్రి స్టేషన్లో గడిపానన్నాడు. వెనక వరసల్లో ఆయన ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టే ఆడవాళ్ళని లారీలో తెచ్చి కూర్చోబెట్టారు. కొట్టమన్నప్పుడల్లా వాళ్ళు చప్పట్లు కొట్టారు. చివర్న తాతాజీ గారు ఆనవాయితీగా, ఎవరికైనా సందేహాలుంటే అడగవచ్చన్నారు. అని, మూడో వరస చూసి, అన్నందుకు నాలిక కరుచుకున్నారు.

ఎస్తర్ రాణి లేచింది. తరగతి గదిలో గొంతు, మైకు అక్కర్లేదు.

"మన్మథరావుగారూ, ఆ రాయి మీద మీరు మీ పేరు పూర్తిగా రాశారు. ఊరి పేరు నర్సీ దాకా రాసి ఆపేశారు. పట్నం ఎందుకు రాయలేదండి?"

మన్మథరావు నవ్వడానికి ప్రయత్నించాడు. "ఏ రాయండి. ఏటి మాటాడతన్నారో నాకు తెలీడం లేదు."

ఆయన పక్కన, శాలువా కప్పుకుని, ముందు మైకు పెట్టుకుని నూకరత్నం కూర్చుని ఉంది. అమాయకంగా అందో, రెండు వారాలుగా కడుపులో పెట్టుకున్నది బయటికొచ్చిందో చెప్పలేం గాని, మొగుడి వైపు తిరిగి అంది. "ఎలగ రాత్తారు, ఆడు ఈల ఊదీసేడు కదా. బేగి దిగీమని నాను మొత్తుకుంటన్నా ఇన్నారు కాదు."

ఆ మాట హాలంతా వినబడింది. ముందు వరసల్లో పెద్దమనుషులు నేల చూశారు. వెనక నుంచి మొదట ఒక ఆడమనిషి కిసుక్కుమంది. తర్వాత పిక్కలు కొట్టే ఆడవాళ్ళందరూ నవ్వారు. నల్లగా జీడి పట్టిన వేళ్ళు నోటికడ్డం పెట్టుకుని, ఆపుకోలేక, ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. మన్మథరావు వాళ్ళని పేరు పేరునా తిట్టాడు, మైకులోనే.

దాంతో ఆయన ఏమీ మారిపోలేదు. ప్రెసిడెంటుగా ఇప్పటికీ ఆయనే ఉన్నాడు. వచ్చే ఏడాదికి ఈజిప్టు అనుకుంటున్నారు.

నాలుగు రోజులయ్యాక తాతాజీ గారు ఎస్తర్ రాణి ఇంటికొచ్చారు. లీల కుర్చీ వేసి టీ ఇచ్చింది. ఆయన సగం టీ తాగేదాకా వానల గురించి మాట్లాడారు.

"ఊళ్ళో ఉండాలి కదమ్మా ఎస్తరూ," అన్నారు చివరికి. "రైలు పోతుందని, పదహారు మంది యాత్ర పాడవుతుందని అన్నాను. అబద్ధమైతే ఆడలేదు కదా."

"మిగతావాళ్ళు చదవడం రాదన్నారు సార్. వాళ్ళ మీద నాకేం కోపం లేదు, వాళ్ళకి నిజంగానే రాదు. మీరు చదివి చెప్పారు."

"వయసు మీద పడ్డాక ప్రతిదానికీ గేటు దగ్గర నిలబడలేం."

"నిలబడక్కర్లేదు సార్. కూర్చునే ఉండొచ్చు. ఆ రోజు మీరు మాట్లాడకుండా ఊరుకున్నా నాకు చాలేది."

ఆయన కప్పు కింద పెట్టారు. చేతికర్ర తీసుకుని లేచారు. లీల గుమ్మం దాకా వెళ్ళి, మెట్టు చూసుకోండి సార్ అంది. ఎస్తర్ రాణి కుర్చీలోంచి లేవలేదు. పేపరు తీసి చదవడం మొదలుపెట్టింది. గేటు చప్పుడయ్యేదాకా ఒకే వార్త మూడుసార్లు చదివింది.